జావ అంటిన గిన్నె

రంతసాల్మి
ఫిబ్రవరి చివర

హిల్కా,

ఆ రోజు ఏం జరిగిందో రాయమన్నావు. నువ్వు ఆసుపత్రికి వచ్చేసరికి సాయంత్రమైంది గనుక పగటి సంగతి నీకు తెలియదు.

రైలీ పొద్దున మామూలుగానే లేచింది. కీమో మందు ఎక్కించుకుని వచ్చాక ఉండే నీరసం తప్ప ఇంకేమీ లేదు. ఓట్స్ జావ పెట్టుకుంది, సగం తాగింది. నేను బయట మంచు తోస్తున్నాను. లోపలికి వచ్చేసరికి అంట్లు గిన్నెలు కడిగే మిషన్‌లో సర్ది, తిప్పి, పక్కన స్టూలు మీద కూర్చుని రేడియో వింటోంది. మిషన్ ఆగాక లేచి, కుళాయి మీది చిన్న పిడి మూసింది. మిషన్‌కి నీళ్ళు వదిలే పిడి. అది తెరిచి ఉంటే మీ అక్కకి నిద్ర పట్టేది కాదు. తర్వాత కాసేపు పడుకుంటానంది.

మధ్యాహ్నం చూస్తే వణుకుతోంది. దుప్పటి మీద దుప్పటి కప్పాను. జ్వరం చూశాను. ఫోన్ చేశాను. అంబులెన్స్ మంచులో నిదానంగా వచ్చింది. దారిలో ఒక్క మాట అంది: "సౌనా ఆవిరి గదిలో తువ్వాళ్ళు ఆరేశాను, తీసెయ్యి." సావోన్లిన్నా ఆసుపత్రి చేరాక మాట్లాడలేదు. మిగతాది నువ్వు చూశావు.

మర్నాడు ఇంటికి వచ్చి మిషన్ తెరిచాను. రైలీ జావ గిన్నె పై అరలో ఉంది. అడుగున జావ అలాగే అంటుకుని ఎండిపోయి ఉంది. గోరుతో గీకినా రాలేదు. ఆ మిషన్ సరిగ్గా కడగడం లేదన్నమాట. ఎప్పటినుంచో తెలియదు. అంత్యక్రియలయ్యాక దాన్ని ఊడదీసి చెత్త కేంద్రంలో పడేశాను.

ఇప్పుడు ఇంకొకటి కావాలి. అమ్మాయి సారా టాంపెరెలో ఉండే భవనంలో పైపులన్నీ మారుస్తున్నారు. జూన్‌లో మొదలుపెడితే వేసవంతా ఎవరూ అక్కడ ఉండకూడదట. పాపని తీసుకుని ఇక్కడికి వస్తానంది. తైమీ నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. ఈ ఇంటి సీసాలో తాగాలి, ఈ ఇంటి చెంచాతో తినాలి. పొరపాటు చేయని మిషన్ కావాలి. నీది ఏ రకం? నిజంగా కడుగుతుందా?

ఆ రోజు గురించి ఇదొక్కసారే రాస్తున్నాను. ఇక నువ్వు అడగకు. నాకు ఏమీ చెప్పకు కూడా.

ఇల్పో


కుహ్మో
మార్చి

బావా,

ఫోన్ ఎత్తవు, అందుకని నాలాంటి బద్ధకస్తురాలు కూడా స్టాంపులు కొనాల్సి వస్తోంది. పోస్టాఫీసులో పిల్ల నన్ను చూసి "ఎవరికండీ ఉత్తరాలు, కొత్త స్నేహితుడా?" అంది. "మా అక్క మొగుడు, మూగవాడు" అన్నాను. తిట్టుకోకు.

నువ్వు రాసింది చదివాను. రెండుసార్లు చదివి మడిచి పెట్టాను. తువ్వాళ్ళ సంగతి చదివితే నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రైలీ అంటే అంతే. ఆ రోజు గురించి నాకూ ఒక మాట ఉంది. కానీ వద్దన్నావు. సరే, ఊరుకుంటున్నాను.

మిషన్ విషయానికొస్తే, నాది ముసలిది. తిరుగుతున్నంత సేపూ గొణుగుతుంది. మోకాలితో ఒకటి పొడిస్తే గాని తలుపు పడదు. కానీ కడుగుతుంది. ఏ కంపెనీయో చూద్దామంటే పేరు ఎప్పుడో చెరిగిపోయింది. నా కొట్లో తల రంగు వేయించుకోడానికి వచ్చినవాళ్ళని అడిగాను. అడగకపోయినా బాగుండేది.

"జర్మన్‌ది కొనమను. మా అమ్మాయి పెళ్ళినాడు కొన్నాం, ఇంకా ఉంది."

"పెళ్ళి ఉందా?"

"లేదు. మిషన్ ఉంది."

ఇంకొకావిడ రంగు కారుతుంటే తల తిప్పి, "మా ఆయన కంటే తక్కువ చప్పుడు చేసేది ఏదైనా చాలు" అంది. అందరూ నవ్వారు. నేను నీ సంగతి చెప్పలేదు, ఊరికే బంధువు కోసం ఆరా అన్నాను.

బావా, జీవితమంతా భూములు కొలిచావు. అడవిలో ఎక్కడ నిలబెట్టినా ఉత్తరం ఎటో చెప్పగలవు. ఒక గిన్నెల మిషన్ దగ్గర ఇంత తటపటాయింపు ఏమిటి? వెళ్ళు, ఒకటి కొను, తిప్పు. దాంట్లో ఎక్కువ పళ్ళాలు కుక్కకు. మగవాళ్ళు మిషన్ సర్దితే నాకు కళ్ళు తిరుగుతాయి.

తైమీ ఫోటో సారా పంపింది. చెవులు నీవే. పాపం.

హిల్కా


రంతసాల్మి
మార్చి నెలాఖరు

హిల్కా,

కొట్టుకి వెళ్ళాను. చెవి మీద పెన్సిల్ పెట్టుకున్న ఒకావిడ చూపించింది.

"ఇంట్లో ఎంతమంది?"

"ఒక్కణ్ణే."

"అయితే ఈ సన్నది చాలు."

"వేసవిలో ముగ్గురం. ఒకరు చంటిపిల్ల."

"అలా చెప్పండి. ఇది చూడండి. పొదుపు పద్ధతి. తక్కువ నీళ్ళు, తక్కువ కరెంటు."

"ఎంత వేడి?"

"యాభై."

"డెబ్భై కావాలి."

"డెబ్భైకి వేరే బొత్తాం ఉంది. ఎవరూ నొక్కరు."

"నేను నొక్కుతాను. బొత్తాం మీద డెబ్భై అని ఉంటే, లోపల డెబ్భై ఉంటుందా?"

ఆవిడ పెన్సిల్ చేతిలోకి తీసుకుంది. "అయ్యా, మీరు ఆసుపత్రికి కొంటున్నారా, ఇంటికా?"

"ఇంటికే."

"అయితే ఉంటుంది" అంది.

కొన్నాను. నేనే బిగించాను. సౌనాలో ఆవిరి వేడి చూసే గోడ థర్మామీటర్ తీసి, పై అరలో పళ్ళాల మధ్య పెట్టి తిప్పాను. ఆగగానే తెరిచాను. ముల్లు అరవై దాటలేదు. మళ్ళీ తిప్పాను. ఈసారి ముల్లు అసలు కదల్లేదు. మిషన్‌ని వెనక్కి పట్టుకెళ్ళాను. థర్మామీటర్ కూడా చూపించాను.

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పింది. లోపల్నించి నీళ్ళు కారాయి. "ఇది సౌనాదా?" అని అడిగింది. అవునన్నాను. వెనకున్న వాళ్ళెవరో దగ్గారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. మిషన్ వెనక్కి తీసుకుంది.

ఇంకొకటి చూస్తాను. సరస్సు మీద మంచు ఇంకా గట్టిగానే ఉంది.

ఇల్పో


కుహ్మో
ఏప్రిల్ మొదట్లో

బావా,

సౌనా థర్మామీటర్‌ని నీళ్ళలో ముంచి మిషన్ మీద నేరం మోపిన మొదటి మనిషివి నువ్వే అయి ఉంటావు. గోడ మీద వేలాడాల్సిన కట్టెముక్క అది, దానికి ఈత నేర్పితే ఏం చెబుతుంది? కొట్లో ఈ కథ చెప్పాను. తల కడిగించుకుంటున్న పాస్టరమ్మ నవ్వి నవ్వి ముక్కులోకి నీళ్ళు పోగొట్టుకుంది. పేరు చెప్పలేదు. అందరికీ తెలిసిపోయిందనుకో.

నవ్వు అటుంచు. ఒకటి అడుగుతాను. ముల్లు అరవైకి వచ్చిందన్నావు. అరవై వేడిలో చేయి పెట్టగలవా? అది చాలదా? నువ్వు దేన్ని చంపాలనుకుంటున్నావు?

ఈస్టర్‌కి సారా నీ దగ్గరికి వస్తుందట. రెండో మిషన్ అప్పటికి పెట్టు. పాపని ఎత్తుకో. భుజం మీద వేసుకుని సరస్సు దాకా నడువు. నీకదే మందు.

హిల్కా


రంతసాల్మి
ఏప్రిల్ చివర

హిల్కా,

ఈస్టర్ బాగా జరిగింది. సారా, తైమీ వచ్చారు. పాప బరువు పెరిగింది. రైలు టికెట్ల ఇబ్బంది వల్ల వాళ్ళు ఒకరోజు ముందే వెళ్ళారు.

రెండో మిషన్ కూడా వెనక్కి ఇచ్చాను. ఈసారి థర్మామీటర్ పెట్టలేదు. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నీళ్ళు పట్టుకుంది, తిరిగింది. మధ్యలో ఏదో చప్పుడు వచ్చింది, ఇసుక మీద ఎవరో కాలు ఈడ్చినట్టు. లేచి కుళాయి మీది పిడి మూసేశాను. నీళ్ళు లేవని ఎర్రదీపం వెలిగింది. తెరిచాను. మళ్ళీ తిరిగింది, మళ్ళీ అదే చప్పుడు. మళ్ళీ మూశాను. అలా ఎన్నిసార్లయిందో. చివరికి తలుపు తెరిస్తే పళ్ళాలు సగం సబ్బుతో ఉన్నాయి. అలాంటి మిషన్ ఇంట్లో ఉంచుకోలేను.

కొట్టు ఆవిడ బిగించడానికి మనిషిని పంపుతానంది. వద్దన్నాను.

ప్రస్తుతం చేత్తో కడుగుతున్నాను. ఇబ్బందేమీ లేదు.

ఇల్పో


కుహ్మో
మే మొదట్లో

బావా,

ఈ ఉత్తరంలో జోకులు లేవు.

సారా ఫోన్ చేసింది. టికెట్ల ఇబ్బంది ఏమీ లేదట. అది చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. తప్పుంటే దిద్దు.

వాళ్ళు వచ్చేసరికి సౌనాలో పెద్ద నీళ్ళ కాగు కుతకుతలాడుతోంది. "ఏం వండుతున్నావు నాన్నా?" అని అడిగిందట. "పళ్ళాలు" అన్నావట. మూత తీస్తే పళ్ళాలు, చెంచాలు, ఆఖరికి రొట్టె కోసే చెక్క కూడా. "కడిగినవేగా?" అంటే "కడిగినవే" అన్నావు. నీ చేతికి గుడ్డ కట్టి ఉంది. "ఆవిరి తగిలింది" అన్నావు. గుడ్డ విప్పి చూస్తే మణికట్టు దాకా తోలు ఊడి ఉందట. నాకు "ఇబ్బందేమీ లేదు" అని రాశావు.

సరే, అదీ ఓర్చుకుంది. ఆదివారం పొద్దున పాప ఒళ్ళో పడుకుని పాలు తాగుతుంటే నువ్వు గుమ్మంలో నిలబడి చూస్తున్నావు. ఉన్నట్టుండి వచ్చి పాప నోట్లోంచి సీసా లాగేశావు. లాగి సింకులోకి విసిరావు. తైమీ ఊపిరి పట్టేసి, నల్లబడి, అప్పుడు ఏడ్చిందట. సారా "నాన్నా, సీసాలో కనపడేది పాలపొడి ఉండే" అంటే, "నీకెలా తెలుసు? నీకెలా తెలుసు?" అని అరిచావట. నువ్వు అరవడం అది పుట్టాక వినలేదంది.

"పిన్నీ, మురికికి భయపడటం లేదు నేను. నాన్నకి భయపడుతున్నాను" అంది. వేసవికి మా వెనక గది అడిగింది. ఇవ్వనంటానా? కానీ నీ జవాబు వచ్చాక చెబుతానన్నాను. నువ్వు ఒక్కడివే ఆ ఇంట్లో ఆ కాగు ముందు కూర్చుంటావు, నాకు కళ్ళకి కట్టినట్టుంది.

బావా, దేనికి భయం నీకు? ఒక్కసారి రాయి. మిషన్ సంగతి కాదు.

హిల్కా


రంతసాల్మి
మే

హిల్కా,

సారా చెప్పింది నిజమే. దిద్దడానికేమీ లేదు.

అడిగావు గనుక రాస్తున్నాను. రైలీకి ఎక్కణ్ణుంచో క్రిమి అంటింది. మందు ఎక్కించే చోట ముందే చెప్పారు, ఒంట్లో కాపలా ఉండదు, జాగ్రత్త అని. నేను జాగ్రత్తగానే ఉన్నాను. చలికాలమంతా మనుషుల్ని ఇంట్లోకి రానివ్వలేదు. తలుపు పిడులు తుడిచాను. బావి నీళ్ళు పరీక్ష చేయించాను. బూట్లు వరండాలోనే విప్పాను. అన్నీ మూసేశాను. అయినా వచ్చింది. ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇంట్లో నేను చూడనిది ఒక్కటే, ఆ మిషన్ లోపల. తెరిచి చూస్తే ఆ గిన్నె.

అప్పటినుంచి ఏ పళ్ళెం చూసినా శుభ్రంగా ఉన్నట్టు కనిపిస్తుంది, అదే నాకు భయం. మురికిగా కనిపిస్తే కడగొచ్చు. ఆ గిన్నె పైనుంచి తెల్లగా మెరుస్తోంది, హిల్కా. వంచి చూస్తే గాని అడుగు కనపడలేదు.

కడుగుతాను. మరిగిస్తాను. ఆరాక చూస్తాను. చూశాక ముట్టుకున్నానని గుర్తొచ్చి మళ్ళీ మరిగిస్తాను. తినడం తగ్గించాను. నిలబడి, కాగితం మీద రై రొట్టె పెట్టుకుని తింటున్నాను, పళ్ళెం అక్కర్లేకుండా.

తైమీ నా అరచేతికి కొంచెం పెద్దది. దాని ఒంట్లో మాత్రం కాపలా ఎంత ఉంటుంది? నా చేతుల్లో దానికేమైనా అయితే నేను ఉండను. ఇది బెదిరింపు కాదు. ఉన్నమాట రాస్తున్నాను.

సారాని నీ దగ్గరికే రమ్మను. వెనక గది ఇవ్వు. పాపకి ఎండ తగిలే గది అది.

ఇల్పో


కుహ్మో
మే

బావా,

చెప్పకు అన్నావు. ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. ఇక మూసుకోను. కోపం వస్తే రానీ.

రక్తపరీక్ష ఫలితం వచ్చాక, అంత్యక్రియలకి ముందు, డాక్టరమ్మ మనిద్దర్నీ పిలిపించింది. గుర్తుందా? కుర్చీలు చూపించింది. నువ్వు కూర్చోలేదు. "కారు లైట్లు ఆర్పానో లేదో" అని బయటికి వెళ్ళావు. కారు దగ్గరికీ వెళ్ళలేదు. తలుపు అద్దంలోంచి కనిపిస్తూనే ఉన్నావు, కారిడార్ కిటికీ దగ్గర, కోటు బొత్తాలు పెట్టుకుంటూ, విప్పుకుంటూ. డాక్టరమ్మ కాసేపు చూసి నాకే చెప్పింది.

ఆమె చెప్పింది ఇది. రైలీని తీసుకుపోయిన క్రిమి బయటిది కాదు. అది ప్రతి మనిషి పేగుల్లోనూ ఎప్పుడూ ఉండేదే. మందు వల్ల ఒంట్లో కాపలా పడిపోయినప్పుడు అది రక్తంలోకి దిగుతుంది. ఏ రక్తపు నమూనాలో దొరికిందో, ఏ క్రిమో, పేరుతో సహా చెప్పింది. నేను అడిగాను కూడా, "ఇంట్లో ఏదైనా తేడా జరిగిందా?" అని. "ఇల్లు అద్దంలా పెట్టుకున్నా ఇది జరిగేది, ఆయనకి తప్పకుండా చెప్పండి" అంది.

నేను చెప్పలేదు. అంత్యక్రియల రోజు నీ మొహం చూసి నోరు రాలేదు. తర్వాత ఎవరూ ఏమీ చెప్పొద్దని నువ్వే రాశావు. నీకు ఊరట అదే అనుకున్నాను. నువ్వు లోపల లోపల ఒక గిన్నెని ఉరి తీయాలని తిరుగుతున్నావని నాకేం తెలుసు?

ఇక ఆ గిన్నె. బావా, జావ గిన్నె నానబెట్టకుండా పెడితే నా మిషన్‌లోనూ అలాగే వస్తుంది. కొత్తదాంట్లోనూ వస్తుంది. ఓట్స్ అంతే, గోడకి రాస్తే ఇటుకలు నిలబడతాయి. రైలీ ఎప్పుడూ నానబెట్టేది. ఆ రోజు ఒంట్లో బాగాలేక నానబెట్టలేదు. అంతే దాని కథ.

నీ మాట ప్రకారం వెనక గది ఇవ్వొచ్చు. ఇవ్వను. నా కొట్లో పొద్దస్తమానం రంగుల వాసన, తుమ్మే ముసలాళ్ళు. పైగా సారా అడిగింది గదిని కాదు, వాళ్ళ నాన్నని ఏం చేయాలో అడిగింది. జవాబు నువ్వే చెప్పు. దానికి ఫోన్ చెయ్యి. ఉత్తరం కాదు, ఫోన్.

హిల్కా


రంతసాల్మి
మే నెలాఖరు

హిల్కా,

నీ ఉత్తరం పడవరేవు దగ్గర చదివాను. మంచు పోయింది.

కోపం వచ్చింది. నీ మీద ఒకరోజు ఉంది. తర్వాత పోయింది. నేను ఆ గదిలోంచి వెళ్ళిపోవడం నిజమే.

సావోన్లిన్నా వెళ్ళి డాక్టరుని కలిశాను. నువ్వు రాసిన మాటే చెప్పింది. ఈసారి కూర్చునే విన్నాను. నమ్ముతున్నాను.

భయం మాత్రం పోలేదు. తెలిస్తే పోతుందనుకున్నాను. ఇదివరకు దానికి ఒక చోటు ఉండేది, ఆ మిషన్ లోపల. ఇప్పుడు చోటు కూడా లేదు. రాత్రి వండిన కూర పొద్దున పారేశాను, కారణం లేకుండానే. కానీ పళ్ళెంలో తిన్నాను.

సారాకి ఫోన్ చేశాను. తనకి భయం వేసేలా చేశానని ఒప్పుకున్నాను. తర్వాత, "మిషన్ కొన్నావా?" అంది.

"లేదు. ఏది మంచిదో నేను తేల్చలేకపోతున్నాను. నువ్వు చెప్పు."

"సీసాలు బోర్లించి నిలబెట్టడానికి పై అరలో ముళ్ళుంటాయి చూడు, అవి ఉన్నది కొను."

"వేడి ఎంత?"

"నాన్నా."

"సరే."

"బిగించడానికి కొట్టువాళ్ళనే రమ్మను. నువ్వు బిగించకు. వాళ్ళు ఉన్నంత సేపూ బయట కట్టెలు కొట్టుకో."

అలాగే చేశాను. కొట్టు ఆవిడ నన్ను చూసి, "ఈసారి ఏం థర్మామీటర్ తెచ్చారు?" అంది. చేతులు రెండూ చూపించాను. అప్పుడు నవ్వింది.

వాళ్ళు శనివారం వస్తున్నారు.

ఇల్పో


కుహ్మో
జూన్

బావా,

కార్డే రాస్తున్నాను, కొట్లో జనం. సారా నిన్న మాట్లాడింది. "నాన్న మిషన్ తిరుగుతుంటే అరుగు మీదకి వెళ్ళి కూర్చుంటున్నాడు, మొహం తెల్లగా, కానీ లోపలికి వచ్చి ఆపడం లేదు" అంది. దానికి ఏడుపు గొంతు. నాకూను. వేసవి చివర్లో వస్తాను. కాఫీ కప్పులో ఇస్తావా, కాగితం మీద పోస్తావా?

హిల్కా


రంతసాల్మి
జూన్

హిల్కా,

కప్పులో ఇస్తాను.

వాళ్ళు వచ్చి కొన్నాళ్ళయింది. ఇల్లు చప్పుడుగా ఉంది. తైమీ పడుకోవడానికి రైలీ కుట్టు గది ఇచ్చాం. సారా ఒక నియమం పెట్టింది: మిషన్ తనే సర్దుతుంది, తనే తిప్పుతుంది, తీసి అల్మరాలో పెట్టేది మాత్రం నేను. మొదటిరోజు పళ్ళాలు తీస్తుంటే ఒకటి పగిలింది. "పోనీలే, ఒకటి తగ్గింది" అంది. ఆమె బయటికి వెళ్ళినప్పుడు రెండుసార్లు సీసాలు కాగులో వేశాను. కనిపెట్టింది. కాగు కింద బూడిద ఎత్తి బయట పోసింది. నేను చూసేలా పోసింది.

పిల్లల ఆరోగ్య కేంద్రం నర్సు వచ్చి పాపని తూచింది. నేను అడిగాను, సీసాలు మిషన్‌లో వేడి మీద కడిగితే సరిపోతుందా అని. "సరిపోతుంది తాతగారూ" అంది. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పింది. మూడోసారి అడగబోతుంటే సారా కాఫీ తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఈ ఉత్తరం ఎందుకంటే, సారా రేపు టాంపెరె వెళ్ళాలి. ఆమె స్నానాలగది గోడల్లోకి నీరు దిగకుండా పూత వేశారు. పలకలు అంటించే ముందు ఇంటివాళ్ళు వచ్చి చూసి ఒప్పుకోవాలట. ఒప్పుకోకపోతే పని ఆగుతుంది. రాను పోను రోజంతా పడుతుంది. పాపకి అంత ప్రయాణం పడదు.

"పక్కింటి ఆవిడని పిలుస్తాను" అన్నాను.

"ఎందుకు?"

"పాపని చూసుకోడానికి."

"నువ్వున్నావుగా."

"సారా, నాకు భయం."

"తెలుసు నాన్నా. నాకూ భయమే. పుట్టినప్పుడు అద్దాల పెట్టెలో ఉంటే చూశాగా. నేను రోజూ భయంతోనే దానికి పాలు పడుతున్నాను. నువ్వేదో ఒక్కడివే భయపడుతున్నట్టు మాట్లాడకు."

ఆ మాట నేను అనుకోలేదు. నా కూతురు ధీమాగా ఉందనుకున్నాను. సీసా పట్టుకునేటప్పుడు సారా వేళ్ళు చూశాను ఆ తర్వాత. వేళ్ళ చివర్లు తెల్లబడేలా పట్టుకుంటుంది.

అమ్మమ్మకి జరిగింది నీకు జరగదని తైమీకి ఎవరూ మాట ఇవ్వలేరు. డాక్టరు ఇవ్వలేదు, నర్సు ఇవ్వలేదు, ఏ మిషన్ తలుపు మీదా రాసి లేదు. ఇది తెలిసి కూడా పాలు పట్టాలి. రైలీ అయితే పట్టేది, రేడియో వింటూ. నాకు రేడియో పెట్టుకునేంత ధైర్యం లేదు. రాస్తే గుండె దడ తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. కాగితం మీద అక్షరాలు చూడు.

రేపు ఉదయం సారాని బస్సు ఎక్కిస్తాను. పాపతో ఇంటికి వస్తాను. మిషన్ తెరిచి, పై అరలోంచి సీసా తీస్తాను. కాగులో వేయను. వెలుతురుకి పట్టి చూడను. పాలు కలిపి తైమీని ఒళ్ళో వేసుకుని, అది చాలనేదాకా పడతాను.

ఇల్పో